నలభై నాలుగో అంశం

నా నోటుబుక్కులో మొత్తం నలభై మూడు అంశాలు ఉండేవి. ఒక్కో అంశానికి ఒక్క వాక్యం. ఏ వాక్యంలోనూ 'సుమారుగా' అనే మాట లేదు. అప్పట్లో అది నాకు గర్వంగా ఉండేది.

డెబ్బైల చివర, పాలిటెక్నిక్ డిప్లొమా చేతికి రాగానే, కాజీపేట దారిలో ఇనుమును కోసి చెక్కే లేత్ మిషన్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరాను. నాది ఇన్‌స్పెక్షన్ విభాగం. లేత్‌లో అన్నిటినీ మోసేది పోత ఇనుముతో చేసిన పొడవాటి బెడ్. దాని పైభాగం ఎంత సమంగా ఉంటే మిషన్ అంత కచ్చితంగా కోస్తుంది. ఆ సమం తెచ్చేది మనిషి చేతులే. నున్నటి ఇనుప పట్టీకి నీలం పూసి బెడ్ మీద రుద్దుతారు. ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుతుంది. అంటినచోట ఉలిలాంటి స్క్రేపరుతో పొడి రాలేంత మాత్రమే గీకి, మళ్లీ రుద్దుతారు. ఒక్కో బెడ్‌కు పది పన్నెండు రోజులు పట్టేది.

ఆ పనిలో అందరికంటే పెద్దవాడు కొత్తవాడ అనే నేతగాళ్ల పేట మనిషి. ఇంట్లో అందరూ జంపఖానాలు నేసేవాళ్లే, తనొక్కడే మగ్గం వదిలి ఇనుము పట్టాడు. షెడ్డులో అందరికీ ఆయన కాకా. నేను ఆయన కొడుకు కంటే చిన్నవాణ్ని, అయినా నన్ను సారూ అనేవాడు.

గీకుడు పనివాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. పని నోటితో చెప్పరు. నేర్చుకునేవాడు రెండేళ్లు పక్కన నిలబడి చూడాలి. చూపుతో వస్తే వచ్చింది, లేకపోతే లేదు.

మేనేజరు ఒకరోజు నన్ను పిలిచి, ఆ పనంతా వరుసగా రాయమన్నాడు. కొత్తవాళ్లను తీసుకుంటామని, కాకాను వాళ్లకు ట్రైనింగ్ మాస్టరుగా పెడతామని చెప్పాడు. ఆ మాట నేనే మోసుకెళ్లి కాకాకు చెప్పాను. ఆయన వారం దాకా ఔననలేదు, కాదనలేదు. సరేనన్న రోజు, తొర్రూరు వైపు నుంచి వచ్చిన ఫిట్టరొకడు పక్క బెడ్ మీంచి తలెత్తకుండానే అన్నాడు. "కాకా, చేతులు కోసి కాయితంల సుట్టి ఇస్తున్నవ్. రేపటి సంది బువ్వ దేంతోని తింటవ్?"

"సారు మనోడేరా," అన్నాడు కాకా. ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అనడం మొదలుపెట్టాడు.

రెండు నెలలు అడిగాను, రాశాను. స్క్రేపరు పట్టే కోణం, గీతలు పోవలసిన దిక్కు, నీలం ఎంత పలచగా పూయాలో, బలం భుజంలోంచి కాక నడుములోంచి ఎలా రావాలో. అడిగినవన్నీ చెప్పాడు. ఆయన రోజూ చేసేవాటిలో నేను రాయనివి మూడు: బీడీ, పదకొండింటి చాయ్, జంపఖానా. మధ్యాహ్నం కాగానే బెడ్ మీద ఇంటి నుంచి తెచ్చిన పాత జంపఖానా కప్పి, వేరే పనిలో పడేవాడు. నీలం మళ్లీ మరునాటి పొద్దున్నే పట్టేవాడు. జంపఖానా దుమ్ముకోసం అనుకున్నాను. పని కాదు, అలవాటు అనుకున్నాను.

జాబితా టైపయింది. ఎండలు ముదరకముందే కాంట్రాక్టు మనుషులు దిగారు. నా నలభై మూడు అంశాలనూ గోడకు అంటించారు. కాకాను, మరో ఆరుగురిని ఇక పని లేదని గేటు దగ్గరే ఆపేశారు. మేనేజరు గదికి వెళ్లి ట్రైనింగ్ మాట గుర్తుచేశాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు అంత బాగా రాశావు కాబట్టే ఇది వీలైంది," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

నెల తిరక్కుండానే బెడ్లు తేడా చూపించాయి. సాయంత్రం సమంగా ఉన్న బెడ్ మరునాడు పొద్దున నడుమ పల్లంగా ఉండేది. వెంట్రుక మందం కూడా లేని పల్లం. లేత్‌ను చెడగొట్టడానికి అది చాలు. నలభై మూడింటినీ రెండుసార్లు సరిచూశాను. వాళ్లు అన్నీ అక్షరాలా పాటిస్తున్నారు.

ఆదివారం కొత్తవాడ వెళ్లాను. కాకా తమ్ముడి మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. "కూసో సారూ," అన్నాడు. బిడ్డా అనలేదు. సంగతి చెప్పాను. జాబితా మొత్తం చదవమన్నాడు. నేను చదువుతుంటే ఆయన వేళ్లు నూలు వదిలి, లేని స్క్రేపరును పట్టుకుని కదిలాయి. ముప్పై ఒకటో అంశం దగ్గర ఆపాడు.

"జంపఖానా ఏది సారూ?"

దుమ్ముకోసం అనుకున్నానని చెప్పాను.

"పగటీలి పొద్దు వాలంగనె పడమటి కిటికీలకెల్లి ఎండ బెడ్ మీద పడ్తది. పైన కాగి నడుమ ఉబ్బుతది. ఉబ్బిందాన్ని వాళ్లు గీకుతాండ్రు. సల్లవడ్డంక ఆడ గుంత." నా చేతిలోని జాబితా వైపు వేలు చూపి, "రాసుకో. మిషన్ ఏం జేసింది పాపం," అన్నాడు.

రాయనన్నాను. కారణం దొరకకపోతే వాళ్లే కబురు పెట్టి మళ్లీ పనిలోకి తీసుకుంటారన్నాను.

"పిలువరు సారూ. ట్రైనింగ్ ముచ్చట మేనేజరు నాతోని ఎన్నడన్న అన్నడా? నువ్వన్నవ్, నేను నమ్మిన. ఇప్పుడు ఇంకో ముచ్చట చెప్తున్నవ్." మళ్లీ కండె అందుకున్నాడు.

సోమవారం మేనేజరు కారణం అడిగితే, తెలియడం లేదన్నాను. కాకాను పిలుస్తారని ఎదురుచూశాను. ఇన్‌స్పెక్షన్ కాగితాల్లో పొద్దుటి కొలత మానేసి సాయంత్రం కొలత ఒక్కటే వేయమన్నారు. వేశాను. సంతకం నాదే. నడుమ పల్లమున్న లేత్‌లు ఒకదాని వెనక ఒకటి లారీలెక్కాయి. తర్వాత బెడ్లను నునుపు చేయడానికి గ్రైండింగ్ మిషన్ కొన్నారు. కొత్తవాడకు ఎవరూ కబురు పెట్టలేదు.

ఎనభైల్లో ఒకసారి హన్మకొండ చౌరస్తాలో కాకా ఎదురుపడ్డాడు. చూపు మందగించింది, దగ్గరికొచ్చాక గొంతు విని గుర్తుపట్టాడు. ఫ్యాక్టరీ గురించి ఒక్కటే అడిగాడు.

"ఆ జంపఖానా సంగతి రాసినవా సారూ?"

"రాసిన కాకా," అన్నాను.

"మంచిగ జేసినవ్ బిడ్డా," అన్నాడు.