పెద్దనాయన ఎడిటింగ్ టేబుల్

దయ్యాల కథలు చెప్పేవాళ్లని ఏడిపించడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. మా బంధువుల్లో రాత్రిపూట పిల్లి అరిస్తే నిమ్మకాయ కోసేవాళ్లున్నారు. వాళ్ల ఎదురుగానే నవ్వేవాణ్ణి. నేను కోయంబత్తూరులో మోటారు పంపుల వర్క్‌షాపు నడుపుతాను. ఏది తిరక్కపోయినా విప్పి చూస్తే కారణం దొరుకుతుందనే మనిషిని. అందుకే ఇది చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మా పెద్దనాయన సినిమా ఎడిటరు దగ్గర అసిస్టెంటుగా పనిచేశాడు. ఫిల్ము కాలం పోయి స్టూడియో మూసేసినప్పుడు, అక్కడి ఎడిటింగ్ టేబుల్‌ని, అంటే రీళ్లు తిప్పి బొమ్మా శబ్దం సరిచూసుకునే మిషన్ని, పాత ఇనుము కింద పోనివ్వక ఇంటికి తెచ్చుకున్నాడు. దానితోపాటు ఒక సౌండు రీలు. డబ్బా మీద తమిళ అక్షరాల్లో "ఇంటికి" అని రాసుంది. మేమంతా తమిళ బడుల్లో చదివినవాళ్లం, తెలుగు మాటలు కూడా ఆ అక్షరాల్లోనే రాస్తాం. అందులో తన గొంతు ఉందని పెద్దమ్మతో అన్నాడట. వినిపించేలోపలే పోయాడు.

ఆయన పోయి తొమ్మిదేళ్లు. వాళ్లకి పిల్లల్లేరు, పెద్దమ్మకి ఏం కావాలన్నా నాకే ఫోను. ఈ మధ్య ఆమెకి ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది కూడా ఎక్కువ రోజులు పనిచెయ్యదని డాక్టరు చెప్పిన రోజే ఫోను వచ్చింది. నాకు ఇంత వయసొచ్చినా ముద్దుగా కణ్ణూ అనే పిలుస్తుంది.

"కణ్ణూ, ఈ చెవి పోయేలోపల ఆయన మాట ఒగ తూరి వినాల. ఆ మెషిన్ తిరిగేట్టు చెయ్యి."

వెళ్లి చూస్తే, టేబుల్ మీద రీళ్లు పెట్టే పళ్లేలు ఒక్కటీ కదలడం లేదు. లోపలి గ్రీజు ఏళ్ల తరబడి ఎండి పాత బెల్లంలా గట్టిపడింది. పంపు అయితే సుత్తితో రెండు దెబ్బలు వేసేవాణ్ణి. దీని ఇరుసులు పెన్సిలంత సన్నం, ఒక్కటి విరిగినా మళ్లీ దొరకదు. కిరసనాయిల్లో నానబెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, వెదురు పుల్లతో గ్రీజు గీకి, కుట్టుమిషను నూనె చుక్క చుక్కగా వేశాను. నాలుగు ఆదివారాలు పట్టింది. పెద్దమ్మ పక్కనే కుర్చీ వేసుకుని "నిదానంగా, నిదానంగా" అంటూ నా ప్రాణం తీసింది. ఎక్కడలేని కోపం వచ్చేది. కాఫీ అందిస్తే పోయేది.

నాలుగో ఆదివారం మధ్యాహ్నానికి పళ్లేలు వేలితో తోస్తే తిరిగాయి. సౌండు పని నాకు రాదు. దానికోసం మధురై నుంచి ఒక మెకానిక్ మరుసటి వారం వస్తానన్నాడు. స్పీకరు ఊడదీసి, అట్టపెట్టెలో పెట్టి, గది మూలన ఉంచింది నేనే. ఆ సంగతి పెద్దమ్మకి చెప్పాను కూడా.

"శబ్దం రాకుంటే పోనీ. తిరిగేదన్నా చూస్తాను" అంది.

రీలు ఎక్కించి స్విచ్ వేశాను. పళ్లేలు మెత్తగా తిరిగాయి. పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అర నిమిషం గడిచిందో లేదో, మగగొంతు వినిపించింది. పక్క గదిలోంచి మాట్లాడినట్టు, చిన్నగా.

"ఏమే, నువ్వు తినేయ్. కాచుకోనుండొద్దు. నాకు ఇంగా పని ఉండాది."

మిషను ఆపేశాను. స్పీకరు పెట్టెలోనే ఉంది, వైర్ల కొసలు దేనికీ తగల్లేదు. ఇంట్లో టీవీ ఆపి ఉంది. పక్కింటివాళ్లు తాళం వేసి మేట్టుపాళయం పెళ్లికి పోయారు. నేను విన్నది చెప్పకుండా, నీకేం వినపడిందని పెద్దమ్మని అడిగాను. ఆ మూడు ముక్కలే చెప్పింది, అదే వరసలో. చెప్పి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

పెద్దనాయన స్టూడియో నుంచి ఎంత పొద్దుపోయి వచ్చినా పెద్దమ్మ తినకుండా కూర్చునేదట. ఆయన పోయాక కూడా రాత్రి పదింటిదాకా కంచం ముట్టదని నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లు ఎప్పుడూ అడగనందుకు బాధేసింది.

మరుసటి వారం మెకానిక్ వచ్చి స్పీకరు బిగించి, రీలు మొదటినుంచి చివరిదాకా నడిపాడు. ఒకటే గరగర. రీలు మీది పూత ఎప్పుడో పాడైపోయింది, ఇందులో మాట ఒక్కటీ మిగల్లేదన్నాడు. పెద్దమ్మ మనసు విరిగిపోతుందని భయపడ్డాను. ఆమె నవ్వింది.

"ఒగ తూరి చెప్పినాడు గదా కణ్ణూ. ఈ తంబి వచ్చినాడని మళ్లీ చెప్తాడా?"

ఆ తర్వాత రెండు నెలలకి రెండో చెవి కూడా పోయింది. ఆ గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పటికీ నేను చెప్పలేను. టేబుల్ రెండుసార్లు పూర్తిగా విప్పి చూశాను, ఏమీ తెలియలేదు. పెద్దమ్మ మాత్రం ఇప్పుడు ఏడింటికల్లా తినేస్తోంది.