ప్రకాశరావుకు తేలని ప్రొజెక్టర్

ప్రకాశరావు పోల్చి చూడకుండా ఏదీ కొనడు. ఆ మాటకొస్తే పోల్చి చూశాక కూడా కొనడు. మార్కాపురం సంతలో వంకాయలు కొనాలన్నా ఈ గంపలోది ఒకటి, ఆ గంపలోది ఒకటి చేతిలో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇంకో గంప చూద్దాం" అంటాడు. ఆయన చూసేలోగా సంత ఎత్తేస్తారు. ఆ పూటకు ఇంట్లో పచ్చడే గతి.

ఈ గుణం ఆయనకు ఉద్యోగంతో అంటుకుందని భార్య విజయలక్ష్మి అంటుంది. పలకల ఫ్యాక్టరీలో ఆయనది పలకలు ఏరే పని. వంకర ఉందా, గీత ఉందా అని పలక పక్కన పలక పెట్టి చూసి చూసి, మనిషి రిటైరైనా చూపు రిటైర్ కాలేదు. పెళ్లిచూపుల మాట ఎవరైనా ఎత్తితే ఆమె ఊరుకోదు.

"నన్ను చూసిపోయినాక తర్లుపాడులో ఒకమ్మాయిని, త్రిపురాంతకంలో ఒకమ్మాయిని చూసొచ్చినాడు. వాళ్లు ఈయన్ని వేరేవాళ్లతో పోల్చుకుని వద్దన్నారు. అట్ల నాకు దక్కినాడు" అంటుంది.

ప్రకాశరావు ఏమీ నొచ్చుకోడు. "పోల్చుకోవడం వాళ్ల హక్కు" అంటాడు.

అలాంటి మనిషి ఈ వేసవిలో హోం థియేటర్ ప్రొజెక్టర్ కొంటానన్నాడు.

బజారులో జిలానీకి ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉంది. తెలిసినవాళ్లకు సామాను ముందు ఇంటికి పంపి, "వాడి చూసి చెప్పన్నా" అనడం వాళ్ల నాయన నాటి నుంచి ఆ దుకాణం ఆనవాయితీ. ఫ్యానైతే ఒక రాత్రి తిప్పి చూస్తారు, మిక్సీ అయితే ఒక పచ్చడి నూరి చూస్తారు, మర్నాడు డబ్బు పంపిస్తారు. ప్రకాశరావు దెబ్బకు ఆ ఆనవాయితీకి నూకలు చెల్లాయి.

మొదటి ప్రొజెక్టర్ వచ్చిన సాయంత్రం విజయలక్ష్మి హాల్లో గోడ మీద క్యాలెండర్ తీసి, సోఫా తుడిచి సిద్ధంగా కూర్చుంది. ప్రకాశరావు మాత్రం మిషను వాకిట్లో స్టూలు మీద పెట్టి, ఇంటి ముందుగోడ మీద బొమ్మ వేశాడు. పైన వీధిలైటు, కింద దోమలు.

"హాలుండగా ఈ వాకిలేందయ్యా?"

"హాల్లో చీకటి. చీకట్లో ఏ మిషనైనా బాగానే కనిపిస్తుంది. వెలుతుర్లో గదా దాని బండారం బయటపడేది."

"మరి స్పీకర్ మన వైపు పెట్టకుండా వీధి వైపు తిప్పినావేంది?"

"దూరానికి ఎట్ల వినిపిస్తుందో చూడొద్దా?"

దోమలకు తప్ప ఆ సినిమా ఎవరికీ గిట్టుబాటు కాలేదు. మర్నాడు ఆ మిషను దుకాణానికి వెళ్లిపోయింది, ఇంకొకటి వచ్చింది. దానికి వెలుతురు చాలదన్నాడు. ఆ తర్వాతదాని ఫ్యాన్ పిండిమరలా రొద పెడుతోందన్నాడు. మరొకదానితో గోడ నిండా బొమ్మ రావాలంటే స్టూలు వీధి దాటించాలి. ఒకరోజు రెండు మిషన్లు పక్కపక్కన పెట్టి ఒకే సినిమా వేశాడు. గోడ మీద ఇద్దరు హీరోలు. ఎడమ హీరో కొట్టిన కాసేపటికి కుడి హీరో కొడుతున్నాడు. ఒక్క రౌడీ రెండుసార్లు తన్నులు తింటున్నాడు.

"ఎవరు బాగా కొడుతున్నారే?" అని భార్యను అడిగాడు.

"నన్ను కొట్టమంటే ఇద్దరికంటే బాగా కొడతా" అంది విజయలక్ష్మి.

చివరికి జిలానీయే ఇంటికి వచ్చాడు. గట్టిగా మాట్లాడలేని మనిషి, అందుకని ఆమెతో మొరపెట్టుకున్నాడు.

"వదినా, మా చెల్లెలికి సంబంధాలు గూడా ఇన్ని చూడలేదు. ఇంక డీలర్ వినడంట. ఆదివారం మనిషిని పంపిస్తా అన్నాడు. ఒకటి ఉంచుకుంటే సరే, లేకుంటే అన్నీ పోతాయి. కొత్తవి ఇంక రావు."

విజయలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. ఆదివారం ఏదో ఒకటి తేలుస్తానని మాటిచ్చింది.

ఆదివారం పొద్దున డీలర్ మనిషి ఆటోతో సహా వచ్చి కూర్చున్నాడు, జిలానీ కూడా తిరిగొచ్చిన మిషన్లన్నీ పట్టుకుని వచ్చాడు. ప్రకాశరావు జాడ లేదు. ఎదురింట్లోకి పోవడం చూశామని ఎవరో చెబితే విజయలక్ష్మి వీధి దాటింది.

ఎదురిల్లు అన్నమ్మది. ఒకప్పుడు ఊళ్లోకి కొత్త సినిమా వస్తే వీధిలో ఆడవాళ్లందరినీ వెంటేసుకుని మొదటి ఆటకే బయల్దేరే మనిషి. సంక్రాంతి దాటాక కాలు జారి తుంటి ఎముక విరిగి మంచాన పడింది. ఆ మంచం కిటికీ పక్కనే ఉంది. ఆ కిటికీకి సూటిగా ఎదురుగా ఉన్నది ప్రకాశరావు ఇంటి ముందుగోడ.

గడప దగ్గరే విజయలక్ష్మి ఆగిపోయింది.

"రాత్రిది వద్దు నాయనా" అంటోంది అన్నమ్మ. "అందరి మొహాలూ జ్వరమొచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి."

"మాట బాగా వినపడిందా పెద్దమ్మా?"

"వినపడింది గానీ, మొన్నటిదాంట్లో ఏడుపులు ఇంకా బాగున్నాయి. తొందరపడి మోసపోవాకు."

ప్రకాశరావు తల ఊపుతూ బయటికి వచ్చి, భార్యను చూసి తడబడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచి ఇది?"

"నువ్వు గోంగూర పప్పు పంపితే ఏం చేసింది?" అని ఎదురడిగాడు.

గిన్నె మూత తీయకుండానే వెనక్కి వచ్చింది. ఇరుగుపొరుగు పంపిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదు, మంచంలో ఉండి నింపలేను, కాబట్టి నాకేమీ పంపొద్దని అన్నమ్మ కబురు చేసింది. ఆ తర్వాత జీతమిచ్చే పనిమనిషి దగ్గర తప్ప ఎవరి దగ్గరా మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదు.

"నీ కోసం సినిమా వేస్తున్నా అంటే కిటికీ మూసేస్తుంది" అన్నాడు ప్రకాశరావు. "నాకు తేలడం లేదు, నువ్వే చూసి చెప్పాలంటే మాత్రం చూస్తుంది. చెప్పి, బాకీ తీరిందనుకుంటుంది. కొనేస్తే ఇంక అడిగేదానికి ఏముంటుంది?"

విజయలక్ష్మికి ఆయన మీద ప్రేమ పొంగింది. ఇన్నాళ్లూ చెప్పకుండా దోమల చేత కుట్టించినందుకు ఒళ్లు కూడా మండింది. గబగబా ఇంటికి పోయి, "జిలానీ, మొన్నటిది, ఆ ఏడుపులు బాగున్నది ఉంచు. మిగతావి ఆటో ఎక్కించు" అంది. డీలర్ మనిషి పెట్టెలు సర్దుతుంటే ప్రకాశరావు ఒక్కోదాన్నీ ఆటో దాకా సాగనంపాడు. ఆయన మొహం చూడలేక ఆమె మళ్లీ వీధి దాటింది.

"పెద్దమ్మా, మిషను తేలింది. గోడ మీద సున్నం పెచ్చులు లేస్తోంది, తెర కట్టాలంట. దుప్పటి కట్టాలో, పంచె కట్టాలో, పాత చీర కట్టాలో తేలడం లేదు. ఆయన మాట మీద నాకు నమ్మకం లేదు, మీరే చూసి చెప్పాలి."

అన్నమ్మ బాగా ఆలోచించింది. "రోజుకొకటి కట్టండి. చూస్తే గదా తెలిసేది" అంది.

సోమవారం తెల్ల దుప్పటి కట్టారు. బొమ్మ పాలిపోయిందని అన్నమ్మ తీర్పు చెప్పింది. మంగళవారం ఇంటికి చుట్టాలు వచ్చారు. వాళ్ల హడావిడిలో దుప్పటి మార్చడం విజయలక్ష్మి మర్చిపోయింది. బుధవారం పొద్దున భయపడుతూనే వెళ్లింది.

అన్నమ్మ దిండుకు ఆనుకుని సిద్ధంగా ఉంది. "నిన్నటి గుడ్డ మొన్నటిదానికంటే చాలా మేలమ్మాయ్" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. "అయినా ఇప్పుడే ఖాయం చేయవాకండి. ఇంకా చాలా గుడ్డలున్నాయి గదా."

"ఉన్నాయి పెద్దమ్మా" అని విజయలక్ష్మి నవ్వు బిగబట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం అదే దుప్పటిని తిరగేసి కట్టింది.