ఎర్రనీరు వచ్చిన వారం

ఏడేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నేను రాసినదే. "హాజరైన వారెవరూ అభ్యంతరం చెప్పలేదు." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

మాది గోదావరి గట్టు మీద ఊరు. రేవు దగ్గర పాత రాతి మండపం ఉంది. అందులో ఒక స్తంభం మీద స్త్రీమూర్తి. కాలేజీలో చరిత్ర చెప్పేవాడిని కనుక నాకది శిల్పం. వలలు వేసి బతికే రేవు వాళ్ళకు ఆమె రేవమ్మ. వరద మొదలై నీరు ఎర్రబడ్డాక, పులస కోసం తొలి వల వేసే ముందు, ఆడవాళ్ళు ఆమెకు నూనె, పసుపు రాసి దీపం పెడతారు.

మండపం పాడైపోతోందని పంచాయతీ వాళ్ళు చుట్టూ కంచె, గేటు, తాళం పెట్టాలనుకున్నారు. సంబంధమున్న వాళ్ళందరూ ఒప్పుకుంటేనే పని మొదలుపెట్టాలని షరతు. ఒప్పించే బాధ్యత నాకు అప్పజెప్పారు. రెండు సమావేశాలు జరిగాయి. నూనె, మసి పట్టి చెక్కడం పూడిపోతోందని ఇంజనీరు చెప్పాడు. దారికి స్థలమివ్వాల్సిన రైతు కొన్నాళ్ళు గింజుకుని సరేనన్నాడు. మిగిలింది రేవు వాళ్ళే.

రెండో సమావేశం అయ్యాక పోలమ్మ గట్టు మీద నన్ను ఆపింది. రేవు ఆడవాళ్ళలో పెద్దది. నెత్తి మీద చేపల తట్ట దించకుండానే మాట్లాడింది.

"మాస్టారూ, మేం కాదనట్లేదండి. ఆయమ్మ ఒంటికి నూనె రాయం. ఎదురుగా వేరే రాయి ఏయించండి, దానికే రాత్తాం. ఆ వారం గేటు తీసుంచితే చాలండి."

"బాగుంది పోలమ్మా. వచ్చే మీటింగులో నువ్వే చెప్పు."

"చెబుతానండి. ఎర్రనీరొచ్చిన వారం మాత్రం పెట్టకండేం. అందరం పడవల్లోనే ఉంటాం. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ మాస్టారూ, పట్టేవోళ్ళ మెళ్ళో ఉండేది పసుపుతాడేనండి."

నవ్వింది. నేనూ నవ్వాను.

అందరికీ సరిపడే మాట ఆ ఒక్కటే. ఎందుకు కాగితం మీద పెట్టలేదు? ప్లాను మార్చాలంటే మళ్ళీ పైకి పంపాలి, పని ఆ ఏడాదికి ఆగిపోతుంది, ఈలోగా శిల్పం ఇంకా పాడవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. శిల్పం మీద ప్రేమేనా అది? కాదేమో. రెండు సమావేశాల్లో నేను కుదర్చలేనిది, తట్ట దించకుండా నిలబడి ఒక మనిషి రెండు ముక్కల్లో కుదర్చడం నాకు మింగుడుపడలేదేమో. ఏడేళ్ళుగా ఈ 'ఏమో' దగ్గరే ఆగిపోతున్నాను. ఇవాళ తీసేస్తున్నాను. మింగుడుపడలేదు.

శ్రావణంలో ఒకనాడు పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటే నీటి రంగు మారి కనిపించింది. తిన్నగా ఇంటికి వెళ్ళి నోటీసు రాశాను. మూడో రోజు సమావేశం. రేవులో కూడా నా చేత్తోనే అంటించాను, తర్వాత ఎవరూ నన్ను మాట అనకూడదని.

ఆ రోజు పంచాయతీ ఆఫీసుకు మండపం మీదుగానే వెళ్ళాను. రేవమ్మ మీద పసుపు ఇంకా తడిగా ఉంది. రేవులో ఒక్క పడవ లేదు.

"రేవు వాళ్ళు రాలేదేంటండీ?" అని రైతే అడిగాడు.

"నోటీసు ఇచ్చామండి," అన్నాను. తరువాత తీర్మానంలో ఆ వాక్యం రాశాను. నా ఓర్పును అందరూ మెచ్చుకున్నారు.

కంచె వచ్చింది. మరుసటి ఏడు నుంచి ఆడవాళ్ళు గేటు బయటే దీపం పెడుతున్నారు. గాలికి ఆరిపోకుండా కొంగులు అడ్డం పట్టుకుంటారు. పసుపు గేటు ఊచలకు రాస్తారు. తొలిసారి అది చూస్తూ నిలబడిపోయిన నా దగ్గరికి పోలమ్మ వచ్చింది.

"ఆ రోజు మేం లేకపోయినా మా మాట మీరు చెప్పే ఉంటారండి. ఆళ్ళే వినుండరు."

తల ఊపాను. సమావేశం రోజు చేసిన దానికన్నా ఆ తల ఊపడమే ఎక్కువ బరువు. ఇప్పటికీ ఎదురైతే మంచి చేప నాకోసం తీసిపెట్టానంటుంది. ఈ కాగితం మొదట వినవలసింది ఆమె. చదివి వినిపించే ధైర్యం నాకు ఇంకా రాలేదు. మీకు చెప్పడం తేలిక, మీరు నాకు చేప ఇవ్వరు.

ఆనాటి తీర్మానంలో ఉండవలసిన వాక్యాన్ని ఇవాళ ఇక్కడ రాస్తున్నాను. రేవు వాళ్ళు చెప్పాలనుకున్న మాట ఒకటి ఉంది. అది నాకు తెలుసు. వాళ్ళు రాలేని రోజు చూసి నేనే సమావేశం పెట్టాను.

రాశాక చెయ్యి కాస్త తేలికపడింది. గేటుకు తాళం మాత్రం అలాగే ఉంది.