ఉల్లిపొట్టు రంగు తమ్మిలేరు

తమ్మిలేరుకు పండగ చేయాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో నాకు తెలియదు. ఏలూరులో రోజూ పొద్దున్నే ఏటిగట్టు మీద నడిచే పెద్దమనుషులు కొందరు పూనుకున్నారని విన్నాను. పొంగినప్పుడు భయపడటం, ఎండినప్పుడు చెత్త పారబోయటం తప్ప ఊరు ఆ ఏటిని పట్టించుకోవడం లేదని వాళ్ళ బాధ. గట్టు పొడవునా గోడలకు ఊళ్ళో జనమే బొమ్మలు వేయాలి, చేతనైనవాళ్ళు ఏదో ఒకటి చేసి తేవాలి, నాలుగైదు నెలల తర్వాత ఒక ఆదివారం అందరూ వచ్చి చూడాలి. మా స్కూలుకు కబురు రాగానే హెడ్మాస్టరు గారు నా వైపు చూశారు. డ్రాయింగ్ టీచర్ని నేనే కదా.

నేనుండేది తాడేపల్లిగూడెంలో. రోజూ పాసింజరు రైల్లో వచ్చి పోతుంటాను. ఏలూరులో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నా తమ్మిలేరును ఆటోలో వంతెన దాటుతూ చూసిందే తప్ప దిగి చూసింది లేదు. అయినా చార్టు పరిచి, చింతలపూడి మెట్ట నుంచి కొల్లేరు దాకా వంపులు తిరుగుతూ వచ్చే ఏటిని ఒక్క పూటలో గీసేశాను. మంచి నీలం వేశాను. అక్కడక్కడా తెల్లటి నురగ కూడా పెట్టాను.

ఆ రోజు స్టాఫ్ రూములో కుర్చీలకు ప్లాస్టిక్ వైరు అల్లడానికి ఒక పెద్దాయన వచ్చి ఉన్నారు. స్కూలు వెనక సందులోనే వాళ్ళ ఇల్లు. ఒకప్పుడు ఆయన తివాచీలు నేసేవారు. ఏలూరు ఉన్ని తివాచీలకు పేరున్న రోజుల్లో ఆ సందులో ఇంటింటా మగ్గం ఉండేదట. గిరాకీ తగ్గాక ఒక్కొక్కటే దించేశారు. ఆయన మాత్రం తనది దించలేదు, దాని మీద బట్టలు ఆరేసుకుంటున్నారు.

కుర్చీ వదిలి వచ్చి నా చార్టును చాలాసేపు చూశారు.

"టీచర్ గారూ, ఇది ఏ ఊరి ఏరండీ?"

తమ్మిలేరని చెప్పాను.

"మరి ఈ నీలం ఎక్కడ చూశారండీ?"

నాకు కాస్త కోపం వచ్చింది. బొమ్మల్లో నీళ్ళు నీలంగానే వేస్తామని చెప్పాను. ఆయన ఎదురు చెప్పలేదు. బడి వదిలాక వీలుంటే ఒకసారి గట్టు మీదకు రమ్మన్నారు, అంతే. వెళ్ళాను. ముందురోజు పైన వాన పడిందేమో, ఏట్లో నీళ్ళు కదులుతున్నాయి. ఆయన మెట్లు దిగి సీసాలో ముంచి తెచ్చి ఎండకు పట్టారు. పాలు తక్కువైన టీ రంగులో ఉన్నాయి. మెట్టలో ఎర్రమట్టిని కడుక్కుంటూ దిగే నీళ్ళు ఇంకా ఎర్రగా ఉంటాయనీ, ఊరు చేరేసరికి ఇలా గోధుమరంగు తిరుగుతాయనీ, కొల్లేట్లో కలిసేచోట పచ్చబడతాయనీ చెప్పారు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు రంగులు నేర్పుతున్నదాన్ని, సీసా పట్టుకుని సిగ్గుపడ్డాను.

ఈ ఏటిని మీరు నేస్తారా అని అక్కడే అడిగాను. ఆయన ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు, రంగు వేయని ఉన్ని దారం ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉందన్నారు. వేపాకు వేసి దాచారట. లేనిది రంగే.

"మీది గూడెం కదండీ. ఉల్లిపొట్టు దొరుకుద్దాండీ?"

తాడేపల్లిగూడెంలో ఉల్లిపొట్టుకు కరువా? ఉల్లిపాయల మార్కెట్లో అడిగితే గుమాస్తా నన్ను వింతగా చూసి, ఎంత కావాలంటే అంత ఊడ్చుకుపొమ్మన్నాడు. మర్నాడు రెండు గోనెసంచులతో రైలెక్కాను. భీమడోలు దాటేలోపు ఒక సంచి మూతి ఊడిపోయింది. ఫ్యాను గాలికి పెట్టెంతా పొట్టు ఎగిరింది. రోజూ నాతో ప్రయాణం చేసే బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ తన జడలోంచి పొట్టు ఏరి నా సంచిలో వేస్తూ, ఇంతకూ ఏం కూర అని అడిగింది. సంగతి చెప్పాక ఆ వారమంతా వాళ్ళ వీధిలో పోగుచేసిన పొట్టు కూడా తెచ్చి ఇచ్చింది.

పెద్దాయన వాళ్ళ వాకిట్లో పెద్ద గుండిగలో పొట్టు మరిగించాం. ఆయన భార్య నాకంటే పొట్టిగా, చాలా చురుగ్గా ఉండే మనిషి. చేతికి తగిలిన వేడిని బట్టి చెప్పేది, దారం తీయాలో ఆగాలో. పటిక కలిపితే దారం బంగారు పసుపు నుంచి తుప్పు ఎరుపు దాకా పలికింది. తుప్పు పట్టిన మేకులు నానబెట్టిన నీళ్ళు పోస్తే, కళ్ళ ముందే ముదురు పచ్చ తిరిగింది. "ఇదిగో కొల్లేరు," అన్నారావిడ.

నాలుగు అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని ముడి మీద ముడి వేసుకుంటూ పోయారు. శనివారం సాయంత్రాలు నేనూ కూర్చునేదాన్ని. నేను వేసిన వరస ఆవిడ మాట్లాడకుండా విప్పి మళ్ళీ వేసేది. మూడో నెలకు గానీ ఒక వరస విప్పకుండా వదలలేదు. ఆ రోజు రైల్లో నాలో నేనే నవ్వుకుంటూ వెళ్ళాను.

పండగ ఆదివారం గట్టంతా గోలగోలగా ఉంది. గోడల నిండా చేపలు, పడవలు, గూడబాతులు, బట్టలుతికే రేవులు. మా తివాచీని నిర్వాహకులు ఎంతో గౌరవంగా గోడకు వేలాడదీసి, ముందు తాడు కట్టి, ‘తాకరాదు’ అని బోర్డు పెట్టారు. జనం వచ్చి, చూసి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నారు. ఆయన కాసేపు చూసి దూరంగా వెళ్ళి గట్టు మీద కూర్చున్నారు. బాగా పెట్టలేదా అని అడిగాను.

"బాగానే పెట్టారండీ. కానీ గోడకు ఉంటే అది బొమ్మండీ. తివాచీ అంటే కింద ఉండాలి."

నేను వెళ్ళి నిర్వాహకుల్లో ముఖ్యుడితో మాట్లాడాను. మురికి అవుతుందని ఆయన దిగులుపడ్డారు. మురికైతే ఉతుకుతామని చెప్పాను. చివరికి ఆయనే బోర్డు తీశారు. నలుగురం పట్టుకుని గట్టు మీద పరిచాం. చెప్పులు విప్పి నడవండని నేను చెప్పాను, కానీ ఎవరూ ముందుకు రాలేదు.

అప్పుడొక ముసలావిడ చెప్పులు విప్పి, చింతలపూడి వైపు నుంచి ఎక్కి, మెల్లగా నడుచుకుంటూ వచ్చి, ఏరు రెండు పాయలుగా చీలేచోట ఆగిపోయింది.

"మా ఇల్లు ఇక్కడండీ," అంది. "వరదొచ్చిన ఏడు మంచం మీద మంచం వేసుకుని, ఇదిగో, ఇక్కడే కూర్చున్నామండీ. పొయ్యి కూడా మంచం మీదే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆవిడా నవ్వింది. అంతే, ఇక ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. మెట్ట నుంచి వచ్చిన పామాయిల్ రైతు ఒకాయన ఎగువ చివర నిలబడ్డారు. వంతెన దగ్గర సైకిల్ షాపాయన తన చోటు వెతుక్కున్నాడు. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు, ఒకే వీధివాళ్ళమని అప్పుడే తెలుసుకుని మాటల్లో పడ్డారు. మండవల్లి నుంచి వచ్చిన చేపల చెరువుల రైతు పచ్చరంగు చివరిదాకా నడిచి, "మా చెరువులు ఇంకా అవతలండీ," అంటూ తివాచీ దిగి రెండడుగులు అవతల మట్టిలో నిలబడ్డాడు. ఏటి పొడవునా మనుషులు నిలబడి, పై నుంచి కిందికి కబుర్లు చెప్పుకుంటున్నారు.

తిరిగి చూస్తే పెద్దాయన లేచి నిలబడి ఉన్నారు. ఆయన కళ్ళు జనం పాదాల మీద ఉన్నాయి.

"యాభై ఏళ్ళు నేశానండీ," అన్నారు నాతో. "మగ్గం దిగగానే కట్ట కట్టి పట్టుకుపోయేవారు. ఏ దేశం పోయేవో. నేను నేసిన దాని మీద ఒక మనిషి నడవగా చూడటం ఇదే మొదలండీ."

ఆయన భార్య పక్కకు వచ్చి, మరి మీరు నడవరా అని అడిగింది. ఇద్దరూ చెప్పులు విప్పారు. జనం దారి ఇచ్చారు. మెట్ట నుంచి కొల్లేటి దాకా ఇద్దరూ ఒకసారి నడిచారు. దిగాక ఆవిడ మళ్ళీ ఎక్కి ఒంటరిగా ఇంకోసారి నడిచింది.

ఆ తివాచీ ఇప్పుడు స్కూలు లైబ్రరీలో ఉంది. పిల్లలు దాని మీదే కూర్చుని చదువుతారు. ఎవరి చోటు వాళ్ళకు ఖాయమైపోయింది, కొల్లేరు వైపు కోసం మాత్రం రోజూ తగువే. వెనక సందులో మగ్గం మీద బట్టలు ఆరేయడం మానేశారు. మండవల్లి రైతు తన ఇంటి ముందుగదికి ఒకటి కావాలని అడిగాడు. ఈసారి దారం గుండిగలోంచి ఎప్పుడు తీయాలో నన్నే చెప్పమంటున్నారు పెద్దాయన భార్య.