ఇంటిల్లిపాదికీ ఒక్క లైటు

నిరుడు మార్చి నెల. వినుకొండలో మా కొట్టు ముందు నుంచి మిరప టిక్కీలు, అంటే కాయల బస్తాలు, వేసుకున్న లారీలు గుంటూరు వైపు వరసగా పోతున్న రోజులు. మాది టార్చి లైట్లు, స్ప్రేయర్ బ్యాటరీలు, మోటారు స్టార్టర్లు అమ్మే చిన్న కొట్టు. మా ఆయన వెనక గదిలో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చుడతారు, నేను ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. ఇరవై రెండేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నాను కాబట్టి నా అసలు పేరు అందరూ మర్చిపోయి ‘లైట్లక్క’ అనే పిలుస్తారు. లైట్ల సంగతి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

తలకు పట్టీతో కట్టుకునే లైటును పెట్టె మీద హెడ్‌ల్యాంప్ అని రాస్తారు. మా దగ్గర అది తల లైటు. కొనేది ఎక్కువగా రాత్రిపూట చేలకు నీళ్ళు కట్టే రైతులు. వాళ్ళకు కావలసింది ఒక్కటే, కాలి ముందు పాము కనపడాలి. అందుకే ఒక అమ్మాయి వచ్చి “నడవడానికీ పరిగెత్తడానికీ తల లైటు కావాలక్కా” అన్నప్పుడు నాకు భలే సరదా వేసింది.

ఆ అమ్మాయి పేరు సునీత. డిగ్రీ చదివింది. ఫారెస్టు ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కింది, ఇక నడక పరీక్ష ఉంది. ఆడపిల్లలు పదహారు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలట. ఇంకా నెల రోజులుంది. పొద్దున్నే మిరప కోతకు పోవాలి కాబట్టి తెల్లవారక ముందే కొండ మీదికి వెళ్ళే దారిలో నడిచి, దిగువకు పరుగు తీసి వస్తోంది. వెంట వాళ్ళమ్మ మార్తమ్మ ఉంది. వాళ్ళు రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశారు.

“బాగా వెలుతురొచ్చేది ఇవ్వక్కా. పెట్టె మీద పెద్ద నంబరు ఉన్నది,” అంది సునీత.

ఆ నంబరు ల్యూమెన్స్, అంటే లైటు ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పే కొలత. “ఆ నంబరు పెళ్ళిచూపుల్లో చెప్పే జీతం లాంటిదమ్మా, సగం తీసేసి వినాలి,” అన్నాను. “నిజంగానే అంత వెలుతురు ఇస్తే బ్యాటరీ అరగంటలో చేతులెత్తేస్తుంది. నీకు కావలసింది రెండు గంటలు నిలకడగా వెలిగేది.”

ఇంకా చాలా చెప్పాను. నాకు చెప్పడం ఇష్టం. దూరానికి సన్నగా పోయే వెలుతురును స్పాట్ అంటారు, కాళ్ళ ముందు వెడల్పుగా పరుచుకునేదాన్ని ఫ్లడ్ అంటారు. కొండదారికి రెండూ ఉండాలి. లైటు తలను కిందికి వంచుకోగలగాలి, లేకపోతే ఎదురొచ్చేవాడి కళ్ళల్లో కొడుతుంది. నుదుటి మీద నుంచి పడే వెలుతురులో రాళ్ళ నీడలు కనపడవు, గుంతా గట్టూ ఒకేలా ఉంటాయి, కాబట్టి దిగేటప్పుడు చేతిలో ఒక చిన్న టార్చి కూడా ఉంచుకోమన్నాను. తలకు పెట్టించి కొట్లోనే గెంతమన్నాను. సన్నపట్టీ లైటు గెంతినప్పుడల్లా ముక్కు మీదికి జారింది. వెడల్పు పట్టీ, నుదుటి దగ్గర మెత్తటి స్పాంజి ఉన్నది మాత్రం కదల్లేదు.

“ఇదే తీసుకో. చెమట కూడా పీల్చుకుంటుంది,” అన్నాను.

మార్తమ్మ ధర విని లైటును తిరిగి బల్ల మీద పెట్టింది. “గంటన్నర నడకకి ఇంత పెట్టాలా అక్కా?”

బేరం తప్పిపోతుందనిపించినప్పుడు నేను ఎప్పుడూ వాడే మాట ఒకటుంది. అదే వాడాను. “ఒక్క పాపకే ఎందుకనుకుంటావు మార్తమ్మా? ఇంటిల్లిపాదికీ ఒక్క లైటు. తెల్లారి పాప పెట్టుకుంటుంది, సాయంత్రం కళ్ళంలో నువ్వు పెట్టుకుంటావు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.”

ఆ మాటకు ఆమె ముఖం విప్పారింది. కొంగు ముడి విప్పింది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం సునీత నాన్న యోహాను కొట్లోకి వచ్చాడు. అంతకు ముందు నేనాయన్ని చూడలేదు. క్యారీబ్యాగులోంచి ఆ లైటు తీసి బల్ల మీద పడేశాడు.

“మీ లైటు మా పిల్ల కళ్ళు తీసిందమ్మా,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఏమిటన్నాను.

“ఇయ్యాళ తెల్లారుగట్ల కొండెక్కతా ఉంటే మూడో మలుపుకాడ కళ్ళు భగ్గుమన్నాయంట. రుద్దుకుంటే ఇంకా మంట. కళ్ళు తెరవలేక కూలబడింది. చేత్తో తడిమితే దారి అంచున గోడ లేదంట అక్కడ. కూలిపోయిన చోటు. ఇంకో అడుగేస్తే లోయలోకే. బండి మీద పైకెళ్ళే ఆయనెవరో చూసి దించుకొచ్చాడు. రెండు కళ్ళకీ కట్టు కట్టారు ఆస్పత్రిలో. నల్లగుడ్డు మీద గీత పడిందన్నారు. తొమ్మిది రోజుల్లో పరీచ్చ.”

ఆయన గొంతు పెద్దది, రోడ్డు మీద వాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళలో నా దగ్గర కొన్న లైటు వెలగలేదని తిట్టినవాళ్ళున్నారు, లోపలికి నీళ్ళు దూరి పాడైందని తిట్టినవాళ్ళున్నారు. కళ్ళు పోయాయని ఎవరూ రాలేదు.

“డాట్టరు కంట్లో ఏం పడిందని అడిగాడు. ఏం పడలేదు, లైటు పెట్టుకుని నడిచానంది. ఇంకేం ఉంది మరి? ఆ లైటు వేడే,” అన్నాడు యోహాను. “అదీ ఇదీ చెప్పి మా కళ్ళల్లో కారం కొట్టి అమ్మారు.”

లైటు ముందుకు వెలుగుతుంది, పెట్టుకున్న మనిషి కళ్ళల్లోకి కాదు. అది నాకు తెలుసు. అయినా బ్యాటరీ కారిందేమోనని వెనక డబ్బా ఊడదీసి చూశాను. పొడిగా ఉంది. లైటు వెలిగించి చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా కూడా లేదు. పాడైనది ఏదీ దొరకలేదు. దొరికి ఉంటే కొంచెం ఊపిరి పీల్చుకునేదాన్నేమో.

“చూడన్నా, నేనే పెట్టుకుంటాను. నా కళ్ళకు ఏమవుతుందో నువ్వే చూడు,” అని పట్టీ నా తలకు బిగించి లైటు వేశాను.

కరెంటు లేదు. ఫ్యాన్ ఆగిపోయి గంటైంది. యోహాను బల్ల మీద కూర్చుని నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను ధైర్యం నటిస్తూ ఏదో మాట్లాడుతున్నాను. ఐదారు నిమిషాలకు నుదురు చిటపటలాడింది. పట్టీ బిగువనుకున్నాను. చెమట కనుబొమ్మల మీదుగా జారింది. అంతే, రెండు కళ్ళల్లోనూ నిప్పులు పోసినట్టయింది.

ఎంత అరిచానో నాకు తెలియదు. మా ఆయన వెనక గదిలోంచి బిందెతో వచ్చి ముఖం మీద నీళ్ళు కొడుతూనే ఉన్నారు. కళ్ళు తెరవలేని ఆ చీకట్లో ఆ పిల్ల కొండ అంచు తడుముకోవడం గుర్తొచ్చి, మంటకంటే ఎక్కువగా భయం వేసింది. నేను నీళ్ళ బిందె పక్కన, మా కొట్లో, మా ఆయన చేతులు పట్టుకుని ఉన్నాను. ఆ పిల్ల దగ్గర ఎవరున్నారు?

కాసేపటికి పక్కనే పెద్ద తుమ్ము వినపడింది. తుమ్మింది యోహాను, నా తల మీద నుంచి తీసిన పట్టీని వాసన చూసి. పుట్టిన దగ్గర్నుంచీ మిరపలో బతికినవాడు, అతనికి రెండో తుమ్ము అక్కర్లేకపోయింది.

“కారం,” అన్నాడు. గొంతు పూర్తిగా పడిపోయింది. “తాలు ఏరడం మొదలెట్టి నాలుగు రోజులైంది. మా ఆడది సాయంత్రాలు ఇది పెట్టుకునే ఏరతా ఉంది.”

తాలు అంటే రంగు పోయిన, పాలిపోయిన కాయ. ఎండిన మిరపలోంచి దాన్ని ఏరేటప్పుడు లేచే దుమ్ము ఎలా ఉంటుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకూ చెప్పక్కర్లేదు. రోజూ లారీలు పోతుంటే తుమ్మే మనిషిని, ఆ దుమ్ములోకి వెళ్ళే లైటుకు చెమట పీల్చే స్పాంజి ఏరి మరీ ఇచ్చాను.

ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాను. నా కళ్ళు అప్పటికీ ఎర్రగా వాచి ఉన్నాయి. సునీత రెండు కళ్ళకూ దూది పెట్టి కట్టు కట్టి ఉంది. మార్తమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. యోహాను విషయం చెబుతుంటే ఆమె ముందు నమ్మలేదు.

“నేనూ పెట్టుకున్నాగా? నాకేం కాలేదే,” అంది.

“తలకి గుడ్డ చుట్టుకున్నావా?” అని అడిగాను.

“చుట్టుకోకుండా కళ్ళంలో ఎవరు కూర్చుంటారక్కా? గుడ్డ మీదే పెట్టుకున్నా.”

అన్న తర్వాత ఆమెకే అర్థమైంది. ఆమె నుదుటికి గుడ్డ అడ్డం ఉంది. నాలుగు సాయంత్రాల దుమ్మంతా పట్టీలో, స్పాంజిలో పేరుకుపోయి ఇంకింది. తెల్లారి కూతురు వట్టి నుదుటికి దాన్ని బిగించుకుని కొండెక్కి చెమట పట్టించింది. మార్తమ్మ తన రెండు అరచేతుల వైపూ చాలాసేపు చూసుకుంది.

“నా బిడ్డ కళ్ళల్లో నేనే కారం కొట్టానా?” అంది.

సునీత చెయ్యి చాచి తడుముతూ అమ్మ భుజం పట్టుకుంది. “నువ్వేం చేశావే? ఊరుకో,” అంది.

మార్తమ్మ తలెత్తి నా వైపు చూసింది. కోపం లేదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. “ఇంటిల్లిపాదికీ పనికొస్తదని మీరేగా చెప్పారక్కా?”

అవునన్నాను. ఇంకేం అనగలను? యోహాను కొట్లో అరిచిన అరుపులన్నీ ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. సిగ్గుతో చచ్చిపోయాను.

గీత పైపైనే పడిందని, మానుతుందని డాక్టరు చెప్పాడు. నాలుగో రోజు కట్టు విప్పారు. ముందు మసక, తర్వాత చూపు తేరుకుంది. ఆ వారం సునీత నడక మానేసి గదిలోనే కూర్చుంది. పరీక్ష రోజు మాత్రం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళి, ఇంకా సమయం మిగిలి ఉండగానే నడిచేసింది. ఉద్యోగాల జాబితా వచ్చే దాకా నాకు నిద్ర పట్టలేదు. అందులో ఆ పిల్ల పేరుంది.

ఈ పని నేర్పిన పాఠం చెప్పమంటే, అది లైటు గురించి కాదు. లైటు ఎంత దూరం కొడుతుంది, ఎంతసేపు వెలుగుతుంది, వానకు తట్టుకుంటుందా అని నేను అన్నీ అడిగాను, అన్నీ చెప్పాను. ఆ పట్టీ తీసిన తర్వాత ఇంకెవరి తలకు ఎక్కుతుందని అడగలేదు. పైగా నేనే ఎక్కించాను. ఇప్పుడు నడకకు లైటు కొనేవాళ్ళకు ఇంకో పట్టీ విడిగా ఇస్తాను, వారానికోసారి సబ్బు పెట్టి ఉతకమంటాను, వట్టి నీళ్ళకు కారం పోదని చెబుతాను. ఆ పాత మాట మాత్రం నా నోట మళ్ళీ రాలేదు. అది అనకపోవడంవల్ల తప్పిన బేరాలు కూడా ఉన్నాయి, పోనీలే.

పోయిన నెల మార్తమ్మ మళ్ళీ వచ్చింది. తాలు ఏరడం మొదలైందట. “నాకొక లైటివ్వక్కా. నాకు మటుకే,” అంది. స్పాంజి లేనిది, కడిగితే చటుక్కున తడారిపోయే రబ్బరు పట్టీది తీసి ఇచ్చాను.

సునీత లైటు ఏమైందని అడిగాను. ఇంట్లోనే ఉందంది. సెలవులకు వచ్చినప్పుడు ఇప్పటికీ అదే పెట్టుకుని కొండెక్కుతుందట. గోడకు మేకు కొట్టి తగిలించిందట.

“ఆ మేకు దగ్గరికి నేను పోను,” అంది మార్తమ్మ. “ఆ పక్క ఊడవను గూడా ఊడవను.”

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె నవ్వుతూ అనలేదు.