ముఖం చూపించని ఆఖరి భాగం

మొన్న ఆదివారం మా మనవరాలు టీవీలో వెతికి వెతికి ఒక పాత కార్టూను పెట్టింది, నీలం రెక్కలు కట్టుకుని ఊళ్లను కాపాడే వీరుడి కథ, అందులోనూ ఆఖరి భాగం. బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్న నాకు ఆ మొదటి సంగీతం చెవిన పడగానే చేయి ఆగిపోయింది. ఇరవై ఏళ్లు దాటింది దాన్ని చూసి, అప్పుడు కూడా కళ్లలో నీళ్లు సగమే చూడనిచ్చాయి. నాకు సంతకం దాటి చదువు లేదు, నేను చెబుతుంటే పక్కింటి పిల్ల రాసిపెడుతోంది, కాబట్టి ముందుది వెనకా వెనకది ముందూ అయితే ఏమనుకోకండి.

ఆ రోజుల్లో సిద్దిపేటలో మా వరస ఇళ్లలో కేబుల్ టీవీ ఒక్క ఖాలా ఇంట్లోనే ఉండేది. రజాయిలు కుట్టే సాయిబుల ముసలామె, పిన్నమ్మను పిలిచినట్టు అందరం ఖాలా అనేవాళ్లం, మా గోడకు ఆ పక్కనే ఇల్లు. ఆదివారం వచ్చిందంటే మా బిడ్డ, అప్పటికి రెండో తరగతి, అక్కడే. మా ఇంట్లో మగ్గం ఆగిపోయి నా పెనిమిటి భివండీలో సాంచాల మీదికి, అదే కరెంటు మగ్గాల పనికి, పోయాడు గాని, వచ్చినప్పుడల్లా బిడ్డ పక్కన చేరి, నూలు వాసన పోని చేతులతో దాని జడ విప్పి అల్లుతూ, తాను చూడని భాగాల కథంతా చెప్పించుకునేవాడు. ఆ ఏడు వానల్లో అక్కడ పొంగిన వాగు దాటబోయి కొట్టుకుపోయాడు. తోటివాళ్లు ఎంత వెతికినా మనిషి కాదు గదా, కాలి చెప్పు కూడా దొరకలేదు.

నెల చూశాక పెద్దలు కూర్చుని, శవం దొరకనప్పుడు చేసే పద్ధతిలోనే దర్భగడ్డితో బొమ్మ కట్టించి, దానికి ఆయన పంచె చుట్టి, పాడె మీద మోసుకుపోయి కాల్చారు. ఆ గడ్డి మనిషి అంత తేలిగ్గా ఉండటం, మోసేవాళ్ల భుజాలు కొంచెమైనా వంగకపోవడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. బిడ్డ అంతా చూసింది, ఏడవలేదు, ఇంటికి వస్తుంటే దారిలో నా చెంగు పట్టి లాగింది.

“గది బాపు కాదే అమ్మా, గడ్డి బొమ్మ. మొన్న ఆయన గూడ గట్లనే బొమ్మను నిలబెట్టి తప్పించుకుండు.”

అంతకు ముందు ఆదివారం కార్టూనులో వీరుడు అలాగే తన వేషం వేసిన బొమ్మను మంటల్లో వదిలి తప్పించుకున్నాడట. వచ్చే ఆదివారం ఆఖరి భాగం, అందులో ఆయన ఇంటికొస్తే బాపు కూడా వస్తాడు, అప్పుడు పదోనాడు నా గాజులు తీయకూడదు, ఇదీ దాని లెక్క. పిల్ల మాట అని అందరూ కొట్టిపారేశారు. నేను కొట్టిపారేయలేకపోయాను.

ఆ ఆదివారం నన్నూ చూడమని మొండికేసింది. మైలలో ఉన్నదాన్ని, ఇంకొకరి గడప తొక్కకూడదు. మా అత్త అరుగు మీద నుంచే అందుకుంది. “మొగని కాల్చి పది దినాలు కాలే, టీవీ సూస్తందుకు పోతవానే?” ఖాలా విన్నది. “నువ్వు రాకుంటే మానె బేటీ, టీవీనే వస్తది తియ్,” అని బల్లతో సహా ఈడ్చి దాని ముఖం వాకిలి వైపు తిప్పింది. నేనూ బిడ్డా గల్లీలో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాం.

మొన్న తీరిగ్గా చూస్తే దాని మంచిచెడ్డలు తెలిశాయి. కట్ట తెగకుండా వీరుడు నీళ్లలోకి దిగిపోయాక చాలాసేపు సంగీతం ఉండదు, ఎవరూ మాట్లాడరు, వాడి తల్లి వాకిట్లో నిలబడి తడి చేతులు చీరకు తుడుచుకుంటూనే ఉంటుంది. ఆ బొమ్మలు గీసినవాళ్లెవరో, అట్లా ఎదురుచూసిన మనిషిని చూసే ఉంటారు. చెడ్డ చెప్పాలంటే, అన్నేళ్లు ఊళ్లు కాల్చిన దుర్మార్గుడు రెండు మాటలకే మంచివాడైపోతాడు, వీరుడి కోసం చెయ్యి పోగొట్టుకున్న స్నేహితుణ్ని ఎవరూ తలుచుకోరు. అన్నిటికంటే పెద్ద తప్పు చిట్టచివర. సంతలో జనం మధ్య ఎవరో ఒకతను వెనక నుంచి కనిపించి నడుచుకుంటూ పోతాడు. ముఖం చూపించరు. కథ ఐపోతుంది. పెద్దవాళ్లకు అది అందమే కావచ్చు, కాని బాపు కోసం కూర్చున్న పిల్లకు అట్లా చూపించకూడదు.

“సూసినవా,” అంది బిడ్డ ఆ రోజు, నా గాజుల మీద చెయ్యి వేసి.

పదోనాడు గాజులు తీశారు. ఆపలేదేమని బిడ్డ నాతో ఎన్నాళ్లో మాట్లాడలేదు. ఆ తర్వాత బస్టాండులో, అంగట్లో, దవాఖానలో, బక్కపలచటి మనిషి వెనక నుంచి కనిపిస్తే చాలు, చెయ్యి విడిపించుకుని ముందుకు ఉరికి, తిరిగి ముఖం చూసి, మెల్లగా వచ్చి నా పక్కన నడిచేది. వద్దని నేను ఒక్కసారీ అనలేదు, ఎందుకంటే అది తిరిగొచ్చేదాకా నేను కూడా ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. అది ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. నేను మానలేదు.

మొన్న ఆ చివరి బొమ్మ రాగానే మనవరాలు, “ఈయన సచ్చిపోయిండా, ఉన్నడా?” అని అడిగింది. ఆరిన బట్టలు మడతపెడుతున్న నా బిడ్డ తల ఎత్తకుండానే చెప్పింది. “సచ్చిపోయిండు బిడ్డా. గా పోయేటోడు ఇంకెవరో.” చెప్పి, ఇంకో చీర అంచు అందుకుంది. ఆ మాట కోసం ఇరవై ఏళ్లు దేవుళ్లకు మొక్కినదాన్ని సంతోషపడాలి గదా. ఇన్నాళ్లూ ఇద్దరం కలిసి నడిచిన దారిలో ఇక ఒక్కదాన్నే మిగిలినట్టు అనిపించింది.

కాలం మారిందనుకోండి. దూరాన ఎవరైనా పోతే ఇప్పుడు ఫోనులోనే ముఖం చూపిస్తున్నారు. ఈ మధ్యనే మా గల్లీలో ఒకామెకు దుబాయిలో పోయిన పెనిమిటిని అట్లాగే చూపించారు, కళ్లు మూసుకుని, దూది పెట్టి, స్పష్టంగా. ఆమె ఫోను గుండెకు అదుముకుని నేల మీద పడి పొర్లింది, చూసినవాళ్లందరూ పాపం పాపం అన్నారు. నేనూ అన్నాను. కాని ఇంటికి వచ్చి కూర్చున్నాక తెలిసింది, నాకు కలిగింది జాలి కాదు, కుళ్లు.