ఆడపడుచు చెట్లు

మా పెద్దత్త పోయిందని చిన్నాన్న ఫోన్ చేసేటప్పటికి అమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతోంది. మాట వినపడే దూరమే. అయినా కత్తిపీట ఆగలేదు. కాయలన్నీ తరిగి నీళ్ళలో వేసి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని వచ్చి, "బస్సు ఎల్లిపోతాది, తెములు" అంది. నాన్న పోకముందు నుంచే అమ్మ మా అత్తతో మాట్లాడటం మానేసింది. కాశీబుగ్గలో నా దగ్గరికి వచ్చేశాక ఇంట్లో ఆవిడ ఊసు కూడా రానిచ్చేది కాదు. అలాంటి మనిషి నాకంటే ముందు గుమ్మం దిగుతుందని నేను అనుకోలేదు.

అత్త నాన్నకి అక్క. నాన్నా, చిన్నాన్నా అప్ప అని పిలిచేవారు. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్ళోనే ఇచ్చారు కాబట్టి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వీధి. పిల్లలు లేరు. మా మావయ్య కాళ్ళూ మొహమూ వాచి, అన్నం సయించక, మా వైపు ఇంటికొకరిని తీసుకుపోయే ఆ కిడ్నీ జబ్బుతోనే పోయాడు. ఆ తర్వాత మేమే ఆవిడకి పిల్లలం. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూనే మాతో కబుర్లాడేది. నోరు కాలదేంటత్తా అని అడిగితే, కాలితే మీ అమ్మలాగ గట్టిగా అరుద్దును కదా అనేది. అమ్మ పక్కనే ఉండి నవ్వేది. అవును, ఇద్దరూ నవ్వుకున్న రోజులున్నాయి. నేను అలిగి గోడవైపు తిరిగి పడుకుంటే కంచం తెచ్చి పక్కన పెట్టి, "ముందు కూడు తిను. కోపం తరవాత సేద్దువు గాని" అనేది. ఆ మాట ఇప్పటికీ మా పిల్లలతో నేనంటాను.

మా తోట నడిమధ్యలో రెండు జీడిచెట్లూ ఒక పనసా ఆవిడవి. పెళ్ళిలో తాత పసుపుకుంకుమ కింద ఇచ్చాడు. నేల అన్నదమ్ములది, ఆ చెట్లు మాత్రం ఆడపడుచువి. కాగితం ఉండదు, మాటే. ఆ చెట్ల కింద రాలిన జీడిపిక్క మేమెవరం ముట్టుకునేవాళ్ళం కాదు. ఆవిడ సరేననకుండా వాటిమీద గొడ్డలి పడితే పుట్టింటికి మంచిది కాదని ఊరంతా నమ్మేది. ఈ ఏర్పాటు సంగతి గ్యాస్ కంపెనీవాళ్ళకి తెలియదు. పాపం, వాళ్ళు పట్టా పుస్తకాలు చూసుకుని వచ్చారు.

ముందొక ఏడాది తోటల్లోంచి తీగలు లాగి, చిన్న జెండాలు పాతి, నేలలో బొక్కలు పెట్టి మందు పేల్చారు. గూట్లో గిన్నెలు కదిలేవి. మరుసటేడు తెల్లచొక్కా ఏజెంటు వచ్చాడు. కింద గ్యాస్ ఉందో లేదో బావి దించి చూస్తామన్నాడు. తోట లీజుకిస్తే ముందుగా కొంత, ఏటేటా కొంత, పోయిన చెట్లకి నష్టపరిహారం అన్నాడు. అంతే, అప్పటిదాకా కొబ్బరికాయ ధర తప్ప మరో మాట లేని మా మగాళ్ళు లీజు, రిగ్గు అంటూ పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు మాట్లాడటం మొదలెట్టారు. కోనసీమలో ఇలాగే ఇచ్చి మేడలు కట్టారని ఒకరంటే, అక్కడ మంట ఆరక పంటలు మాడాయని ఇంకొకరు. ఇవ్వాలని ఉన్నవాడు మేడల కథ నమ్మాడు, భయపడ్డవాడు మంటల కథ నమ్మాడు. వెళ్ళి చూసొచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మా ఇంట్లో లెక్క వేరు. అప్పటికే నాన్నకి కాళ్ళు వాచాయి. రక్తం శుద్ధి చేయించాలి, విశాఖపట్నం తిరుగుతూనే ఉండాలి అన్నారు డాక్టర్లు. అమ్మకి మేడలూ అక్కర్లేదు, మంటలూ అక్కర్లేదు. మనిషి బతకాలి. చిన్నాన్న కూడా సరేనన్నాడు. సంతకాల రోజు మా అరుగు మీద పదిమంది కూర్చున్నారు. ఏజెంటు కాగితాలు విప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది మావాళ్ళకి, అత్తని అడగలేదని. అప్ప కాదంటుందా అనే ధీమా. మాటవరసకి కబురు పెట్టారు.

ఆవిడ వచ్చి నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా సెట్ల మీద గొడ్డలి పడనివ్వను. తమ్ముడు బతికినా సచ్చినా నా మాట ఇదే" అంది.

చావు మాట అంత సులువుగా తోడబుట్టినవాడి ముందు ఎవరైనా అంటారా? నాన్న తలొంచుకుని, అప్ప కాదన్నాక నేను చెయ్యి పెట్టనని కాగితం వెనక్కి తోసేశాడు. అమ్మ వీధిలోకి పరిగెత్తి ఆవిడ ఇంటి ముందు దుమ్మెత్తి పోసింది. అత్త తలుపు వేసుకుంది. మరుసటేడు వానలు పడకముందే నాన్న పోయాడు.

కంపెనీ పక్క ఊరికి వెళ్ళింది. అక్కడ జీడితోట నరికి, ఎర్రకంకర పరిచి, కొన్నాళ్ళు రాత్రీపగలూ యంత్రాలు తిప్పి, సరిపడా గ్యాస్ లేదని లీజు రద్దు చేసుకుని పోయింది. సిమెంటు మూత వేసిన గొట్టం ఒకటి మిగిలింది. దాని చుట్టూ ఇప్పటికీ ఏమీ మొలవదు, మేకలు కూడా అటు పోవు. దాంతో మా ఊరు అత్తని పొగడటం మొదలెట్టింది. ముసిల్ది మనల్ని కాపాడిందన్నారు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా అమ్మ లేచి వెళ్ళిపోయేది. నూతి దగ్గర అమ్మ కనపడితే అత్త బిందె దించి దూరంగా జరిగి, అమ్మ తోడుకుని వెళ్ళిందాకా నిలబడేది. ఒక్కసారి కూడా ఎదురుమాట అనలేదు. నాకు ఆవిడ మీద కోపం ఉండేది, జాలీ ఉండేది. రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను.

ఆవేళ బస్సెక్కేముందు బజార్లో చీర తీసుకున్నాం. పోయిన ఆడపడుచుకి పుట్టింటి చీర కట్టాలి కదా. నేను ముదురాకుపచ్చది తీస్తే అమ్మ పక్కకి నెట్టి సన్నగళ్ళ నేతచీర తీసింది. ఊళ్ళో దిగాక మాత్రం లోపలికి రాకుండా వీధరుగు మీదే కూర్చుంది. చీర పిన్ని చేతికిద్దామని పెరట్లోకి వెళ్తే చిన్నాన్న నన్ను పక్కకి పిలిచాడు. పెద్దగా ఏడ్చే మనిషి కాదు, ఆవేళ కండువాతో కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఆవేల అరుగు మీద అప్ప అన్నది మీ నాన్న సెప్పించిన మాటే. ముందురోజు తోటలోకి తీసుకెల్లి అప్ప కాల్లట్టుకున్నాడు. ఈ రోగం ఒచ్చినోడు నిలిచింది లేదు, తోటా పోతే పిల్లలేటి తింతారప్పా, నాను కాదంటే నీ మరదలు ఊరుకోదు, నువ్వు కాదను అన్నాడు. సచ్చిందాకా సెప్పొద్దని మా ఇద్దరి సేతా ఒట్టేయించుకున్నాడు. అప్పే పోయాక ఇంక దాసలేను."

ఇన్నేళ్ళూ ఆవిడ మోసింది నాన్న మాట. అరుగు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, అంతా అమ్మకి చెప్పాను. అమ్మ వింది. నావైపు చూడలేదు.

"నాకు తెలుసే ఒలే. ఆవిడ నోట అలాటి మాట రాదు. ఎవులు సెప్పించేరో ఆవేలే తెలిసింది" అంది.

మరి ఎందుకమ్మా అన్నాను.

"పోయినోడి మీద కోపం ఎట్టుకుంటే నానెలాగ బతకాల? ఆవిడ మీద ఎట్టుకున్నాను. అది ఆవిడకీ తెలుసు."

అంటూనే నా చేతిలోంచి చీర తీసుకుని లోపలికి వెళ్ళింది. పిన్నినీ మిగతా ఆడవాళ్ళనీ తప్పుకోమని, తనే స్నానం చేయించి, కుచ్చిళ్ళు పెట్టి, పైట సర్ది చీర కట్టింది. తర్వాత కొబ్బరినూనె అడిగింది. అది జీడి కోతల కాలం. అత్త వేళ్ళకి జీడిరసం నల్లగా పట్టి ఉంది. చర్మం ఊడితే తప్ప ఆ మరక పోదని మా ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. అమ్మ నూనె రాసి కొంగుతో ఒక్కో వేలే తుడుస్తోంది. "సెయ్యి ఒదులుగా ఒగ్గు వొదినా" అంది ఒకసారి. పొద్దుపోతోందని బయటినుంచి మగవాళ్ళు పిలిచారు. అమ్మ ఆ చెయ్యి నెమ్మదిగా కింద పెట్టి, రెండో చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.